రోహిణి కార్తెలో మూడు రోజుల సెలవు

మేం వెళ్లొచ్చిన చోటు మా ఇంటికి గంటన్నర దూరం. ఈ మాట ముందే చెప్పేస్తే చదివాక ఎవరూ నన్ను తిట్టుకోరు. కొండలూ లేవు, జలపాతాలూ లేవు. కూకట్‌పల్లిలో మా అద్దె ఇంటి నుంచి బయల్దేరి గండిపేట, మొయినాబాద్, చేవెళ్ల, అక్కణ్ణుంచి షాబాద్ దారిలో సగం. షాబాద్ చూడనేలేదు. ఆ సగం దగ్గర ఎందుకు ఆగిపోయామో, అక్కడ మమ్మల్ని ఎవరు ఆదుకున్నారో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

అవి సాఫ్ట్‌వేర్ మంచి ఊపు మీదున్న రోజులు. మా వీధిలో ఏ తలుపు తట్టినా కంప్యూటర్ కోర్సు పుస్తకం చేత్తో పట్టుకున్న మనిషే తీసేవాడు. మా ఆయన ప్రసాద్ మాదాపూర్‌లో ఒక కంపెనీలో పని చేసేవారు. రాత్రి షిఫ్టు. సాయంత్రం ఆఫీసు కారొచ్చి తీసుకెళ్లేది, తెల్లారుజామున తెచ్చి దింపేది. ఆపైన కిటికీలకు దుప్పట్లు కట్టి, ఏసీ వేసుకుని పడుకుంటే మళ్లీ లేచేది పొద్దు వాలాకే. మూడేళ్లుగా ఆ మనిషి మధ్యాహ్నం అనేదాన్ని చూడలేదు. ఇంట్లో ఉన్న మొగుడితో మాట్లాడాలంటే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాల్సి వచ్చేది.

సెలవులు కూడా అమెరికా వాళ్లవే. ఉగాదికి సెలవు లేదు గానీ మే నెలాఖరు సోమవారం మాత్రం ఆఫీసు మూత. ఆ రోజుతో వాళ్లకు వేసవి మొదలైనట్టు లెక్కట, అందరూ కార్లేసుకుని ఊళ్ల మీద పడతారట. శని, ఆది, సోమ, మూడు రోజులు కలిసొచ్చాయి. "మనమూ ఎక్కడికైనా పోదాం, ఎండలో తిరిగి ఎన్నాళ్లయిందో" అన్నారు. గోడ మీద మా అత్తగారు పంపిన తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. అందులో ఆ వారం దగ్గరే రోహిణి కార్తె అని అచ్చు వేసి ఉంది. నేను చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను, ఎందుకంటే మొగుడితో మూడు పగళ్లు గడపడం నాకు అంతకంటే పెద్ద సంగతిగా కనిపించింది.

పైగా మాది భీమవరం పక్క పల్లె. ఎండంటే మాకు తెలియని వస్తువా అనుకున్నాం.

గండిపేట

శనివారం తొమ్మిదిన్నరకి బయల్దేరాం. ఆయన పాత మోటారు సైకిలు, నా భుజానికో సంచి, అందులో ఒక్క లీటరు నీళ్ల సీసా. గండిపేట చెరువులో నీళ్లు లోపలికి జరిగిపోయి, గట్టుకీ నీళ్లకీ మధ్య నెర్రెలిచ్చిన ఒండ్రు పరుచుకుని ఉంది. అటు పక్క కొత్త ఇళ్ల గోడలు లేస్తున్నాయి. కాలేజీలకు సెలవులు కాబోలు, రోడ్డు మీద కార్లూ స్కూటర్లూ తప్ప నడిచే మనిషి లేడు.

రోడ్డు పక్క తెల్ల రుమాలు తలకీ చెవులకీ కలిపి చుట్టుకున్న ఒక ముసలాయన తాటిముంజలు అమ్ముతున్నాడు. డజను పదిహేను రూపాయలు. ఇక్కడ ముంజల్ని కాయలోంచి తీసి, ఆకులో పెట్టి అమ్ముతారు. మా వైపు కాయ పైభాగం చెక్కి చేతికిస్తారు, బొటనవేలు పెట్టి తోడుకు తినడమే. ఆ సంగతి నేను కొంచెం గొప్పగానే చెప్పాను.

"గట్ల తింటె నీళ్లన్ని అంగి మీద కారుతయి గద మేడం. సారు మల్ల ఆఫీసు పోవాలె" అన్నాడు ముసలాయన నవ్వకుండా.

మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి చూపించారు. "చూశావా, ఒక్క చుక్క చెమట లేదు! మనూళ్లో అయితే ఈపాటికి బనీను పిండుకోవాలి. ఇదీ ఒక ఎండేనా!"

"గందుకే జర భయపడాలె సార్" అన్నాడు ముసలాయన. "గీడ గాలి మొత్తం గుంజుకుంటది. ఒంట్ల నీళ్లు పోతున్నట్టు మనకు ఎరుకనే కాదు."

నేను ఏడో తరగతికి సైన్సు చెప్పే పంతులమ్మని. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుందని ఏటేటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్తాను. పొడి గాలిలో చెమట కంటికి కనపడకముందే ఆరిపోతుందని ఆ ముసలాయన ఒక్క మాటలో చెప్తే, తల ఊపి, ఇంకో అర డజను ముంజలు తీసుకుని బయల్దేరాను. ఆ బొమ్మకీ మా ఆయన పొడి చేతికీ సంబంధం ఉందని నాకు తోచనే లేదు.

మొయినాబాద్

మొయినాబాద్ చేరేసరికి పన్నెండు దాటింది. బజారు మొత్తం తలుపులు సగం దించేసుకుంది. కుక్కలు కూడా మురిక్కాలవల్లో పడుకున్నాయి. ఒక కిరాణా కొట్టు ముందు తాటాకుల పందిరి, దాని కింద మూడు పెద్ద రంజన్లు, అంటే మట్టి బానలు, తడి గుడ్డలు చుట్టి ఇసుకలో నిలబెట్టి ఉన్నాయి. కొట్టు సేటు లోపల నీళ్లు చల్లిన బండల మీద పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు.

"ఏం పని మీద పోతున్నరు సార్?"

"పనేం లేదండీ, ఊరికే చూడ్డానికి."

"చూడనీకా? గీ టైంల ఏమున్నదని, ఎండ చూడనీకా?"

మా ఆయన కూల్ డ్రింక్ అడిగారు. "అమ్మితె లాభం నాకే సార్, అయినా వద్దంటున్న. ముందుగల్ల గీ నీళ్లు తాగుండ్రి" అని తనే లోటాతో ముంచి ఇచ్చాడు. ఆ నీళ్లకు మట్టి వాసన, కొంచెం తులసి వాసన. ఫ్రిజ్ నీళ్లలా పళ్లు జివ్వుమనవు, గొంతులోంచి మెల్లగా దిగుతాయి. ఆ పందిరి వాళ్ల నాన్న మొదలుపెట్టాడట, ఏటా ఎండలు ముదరగానే వేసి వానలు పడ్డాకే విప్పుతారట. మనిషికో ఉల్లిగడ్డ కూడా చేతిలో పెట్టాడు, జేబులో ఉంచుకుంటే ఎండ కొట్టదని. జేబులో ఉల్లిపాయకీ ఎండకీ సంబంధం ఏమిటో సైన్సు పంతులమ్మకి తెలియదు గానీ, ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం లేచి ఇచ్చిన మనిషిని కాదనలేక దాచుకున్నాం. సాయంత్రానికి నా భుజం సంచి మొత్తం ఉల్లి కంపు.

ఆ రెండు రాత్రులూ మా బస యాదయ్య ఇంట్లో. యాదయ్య మా ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్లే కారు నడుపుతాడు. వాళ్ల ఇల్లు మొయినాబాద్‌కి ఆనుకునే ఉన్న చిన్న ఊళ్లో. వాళ్లమ్మ, అందరూ అవ్వ అనే పిలుస్తారు, పొద్దు గుంకగానే డాబా మీద పది బిందెల నీళ్లు చల్లింది. బండ నుంచి ఆవిరి బుసకొట్టి లేచింది. అది చల్లారాక అక్కడే పక్కలు.

పొయ్యి బూడిదలో పచ్చి మామిడికాయలు కాల్చి, గుజ్జు పిసికి, బెల్లం, ఉప్పు, జీలకర్ర పొడి కలిపి అవ్వ మాకు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. మా వైపు పచ్చి మామిడికాయ కంటపడితే దాని తలరాత ఆవకాయే. దాన్ని కాల్చుకుని తాగొచ్చని నాకు ముప్పై ఐదేళ్లొచ్చినా తెలియదు. రెండు గ్లాసులు తాగి మూడోదానికి సిగ్గుపడ్డాను. అవ్వ అడక్కుండానే పోసింది.

"మా దిక్కు ఎండకాలం పొద్దు పొడవక ముందే పనికి పోతం బిడ్డా" అంది. "తొమ్మిదికి ఇల్లు చేరాలె. మల్ల నాలుగు కొట్టినంకనే. నడుమ ఏ పని గూడ ముట్టం. మీరు ఆ నడుమనే తిరుగుతున్నరు."

యాదయ్య కూడా అదే అన్నాడు. "సార్, మీరు ఏసీల మనిషి. మీ పానానికి ఎండ అలవాటు తప్పింది. జర పైలం." మా ఆయన చిన్న పిల్లాణ్ణి బుజ్జగించినట్టు యాదయ్య భుజం తట్టారు.

చేవెళ్ల

ఆదివారం చేవెళ్ల కూరగాయల మార్కెట్ చూద్దామని మా ప్లాను. నిద్ర లేచి, ముస్తాబై, వెళ్లేసరికి తొమ్మిది. మార్కెట్ ఊడ్చేశారు. నలిగిన టమాటాలు, రాలిన కొత్తిమీర రెమ్మలు, వాటి మీద రెండు ఆవులు. చాయ్ బండి ఆయన మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. "మార్కెట్టా? చీకటితోని రావాలె మేడం. ఏడు గొడితె అంత ఖతం" అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఆవుల వైపు చూశారు.

అయినా ఆ రోజు బాగానే గడిచింది. హోటల్లో జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. ఇద్దరికీ కలిపి నలభై రూపాయలు. పుంటికూర అంటే మా గోంగూరే. పచ్చిపులుసు మాత్రం నన్ను పడగొట్టేసింది. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర. పొయ్యి ఎక్కించే పనే లేదు. ఎండాకాలం వంటింట్లో చెమటలు కక్కుతూ పులుసు మరిగించే మా అమ్మ, మా అత్తగారు, నేనూ, మేమంతా ఇన్నేళ్లు ఎందుకు కాగామో అనిపించింది. వడ్డించినాయనకి మూడుసార్లు థాంక్సు చెప్పాను. ఆయన ఇబ్బంది పడి ఇంకో గిన్నె తెచ్చి పెట్టాడు.

అక్కడే రెండు రుమాళ్లు కొన్నాను, తలకు చుట్టుకోవడానికి. నేను చుట్టుకున్నాను. మా ఆయన జుట్టు పాడవుతుందని చుట్టుకోలేదు. ఉన్న జుట్టెంతో నాకు తెలుసు గనక నవ్వి ఊరుకున్నాను. అప్పుడు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

షాబాద్ దారిలో

సోమవారం ఇంటికి తిరిగి వచ్చేయాలి. షాబాద్ కూడా చూసి వెళ్దామన్నది నేనే. ఎందుకంటే కారణం లేదు, పేరు బాగుంది, అంతే. యాదయ్య వద్దన్నాడు. అవ్వ వద్దంది. పదిన్నరకి బయల్దేరాం.

చేవెళ్ల దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక వెనక చక్రం పంక్చరయింది. ముందు ఊరు కనపడదు, వెనక ఊరు దాటిపోయింది. ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. బండి తోసుకుంటూ నడవడం మొదలుపెట్టారు మా ఆయన. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. సీసాలో మిగిలిన నీళ్లు నాకే ఇచ్చారు. "నువ్వు తాగు, నాకు దాహం లేదు" అన్నారు. నిజంగానే లేదనుకున్నాను. తాగేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఒక అరగంట నడిచాం. తల నొప్పిగా ఉందన్నారు. తర్వాత మాట్లాడ్డం మానేశారు. తర్వాత ఉన్నట్టుండి మొదలుపెట్టారు.

"యా, యా... కెన్ యూ హియర్ మీ? సారీ, లైన్ బాలేదు. సాయంత్రానికల్లా పంపించేస్తాం. యా."

ఎదురుగా ఎవరూ లేరు. ఆయన చెవి దగ్గర ఫోనూ లేదు. నన్ను నవ్వించడానికి ఆఫీసు మీటింగు నటిస్తున్నారనుకున్నాను. నవ్వాను కూడా. "వాళ్లకివాళ సెలవండీ, ఎవరూ వినరు" అన్నాను. ఆయన నా వైపు తిరిగారు. నన్ను గుర్తుపట్టని చూపు. "హూ ఈజ్ దిస్?" అన్నారు. బండి ఒక పక్క, ఆయన ఒక పక్క పడిపోయారు.

చెయ్యి పట్టుకుంటే కాలింది. చర్మం ఎండిపోయి కాగితంలా ఉంది. ఎక్కడా చుక్క తడి లేదు. నేను ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు.

కొత్తిమీర మడి

రోడ్డుకి కొంచెం దూరంలో వేపచెట్టు, దాని పక్కన బోరు. అక్కణ్ణుంచి ఒక ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పేరు సత్తెమ్మ అని తర్వాత తెలిసింది. ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగి భర్తను కేకేసింది.

"ఏయ్, ఇగో, జల్ది రా! మనిషి పడ్డడు! ఎండ కొట్టింది!"

ఆమె భర్త మల్లయ్య వచ్చాడు. ముగ్గురం కలిసి ఆయన్ని వేపచెట్టు నీడకి మోశాం. అక్కడ సాయంత్రం పంపడానికి కోసిన కొత్తిమీర కట్టలు వరసలుగా పేర్చి ఉన్నాయి, నూటికి పైనే ఉంటాయి. వాటి మీద తడి గోనె సంచులు కప్పారు. ఎండ వేళ ఆకు వాడకుండా వాళ్లు చేసే పని అది. పక్కనే సిమెంటు గోలెం నిండా నీళ్లు. మా వైపు కుండీ అంటాం.

నాకు తోచిందల్లా సీసాతో గోలెంలో నీళ్లు ముంచి ఆయన నోట్లో పొయ్యడం. సత్తెమ్మ నా చేతి మీద ఒక్క దెబ్బ వేసింది. సీసా ఎగిరి పడింది.

"సోయి లేనోని నోట్ల నీళ్లు పోస్తవా? ఊపిరి దిక్కు పోతయి, పానం తీస్తయి! పొయ్యొద్దు!"

ఆ తర్వాత ఆమె చెప్పినట్టు చేయడమే నా పని. "అంగి తియ్యి. బెల్టు వదులు చెయ్యి. బూట్లు తియ్యి. పక్కకు ఒరిగించు, గట్లనే పట్టుకో." చెప్తూనే ఆమె కొత్తిమీర మీది సంచులన్నీ లాగేసింది. రెండు కింద పరిచింది, మిగతావి గోలెంలో ముంచి ఆయన ఒంటి మీద, మెడ కింద, చంకల్లో, తొడల దగ్గర పెట్టింది. చాట నా చేతికిచ్చింది.

"విసురు బిడ్డా, ఆగకు. తడిపితె సాలది, గాలి తాకాలె."

నేను విసిరాను. ఆమె సంచి మార్చేది, ముంచేది, మళ్లీ కప్పేది. సంచి ఆయన ఒంటికి తగిలిన కాసేపటికే వేడెక్కేది. మల్లయ్య బిందెతో నీళ్లు పోస్తూ, పోస్తూ ఒకసారి ఆగాడు. గోలెం సగానికి దిగింది. వెనక కొత్తిమీర ఎండ చిమ్మే గాలికి అప్పుడే తలలు వేలాడేస్తోంది.

"గోలెం ఒడిస్తె మల్ల నింపనీకి నాలుగింటి దాక కరెంటు రాదు" అన్నాడు మెల్లగా.

"పొయ్యి" అంది సత్తెమ్మ, తలెత్తకుండా. "మడి మల్ల ఏస్తం."

మల్లయ్య నాలుగు బిందెలు పోసి, బిందె ఆమెకిచ్చి, ట్రాలీ ఆటో కోసం పక్క ఊరికి పరిగెత్తాడు. ఆ ఎండలో, తువ్వాల ఒక్కటే తల మీద. ఆ ఆటో సాయంత్రం వాళ్ల కొత్తిమీరని మార్కెట్‌కి తీసుకెళ్లాల్సింది. ఆ మధ్యాహ్నం మా ఆయన్ని తీసుకెళ్లింది. ట్రాలీలో తడి సంచులు, వాటి మీద ఆయన, రెండు బిందెల నీళ్లతో సత్తెమ్మ, చాటతో నేను. మల్లయ్యకి చోటు చాలక మడి దగ్గరే ఉండిపోయాడు.

దారి పొడుగునా సత్తెమ్మ నీళ్లు చల్లుతూనే ఉంది. నేను దేవుళ్లందరికీ మొక్కాను, మొక్కడం తెలియని దేవుళ్లక్కూడా. చేవెళ్ల ఇళ్లు కనపడుతుండగా ఆయన కళ్లు తెరిచారు. నన్ను చూశారు. ఈసారి గుర్తుపట్టిన చూపే.

"నా షర్టేది?" అన్నారు.

"భద్రంగున్నది బిడ్డా, నీ అంగి ఎవ్వరెత్కపోలే" అంది సత్తెమ్మ. నేను ఆమె భుజం మీద తల పెట్టి భోరుమన్నాను. "ఏడుద్దువు గాని, విసురు ముందు" అంది.

దవాఖాన

చేవెళ్లలో మేం వెళ్లింది ఒక డాక్టరమ్మ నడిపే చిన్న దవాఖాన. నాలుగు మంచాలు, ఒక నర్సు. సెలైన్ పెట్టారు, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టారు, రక్తం తీశారు. గంటకో గంటన్నరకో డాక్టరమ్మ బయటికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి, అలిసిపోయిన మొహం.

"భయం లేదిక. రాత్రి ఇక్కడే ఉంచుదాం, కిడ్నీలు ఎట్లున్నయో చూడాలె" అంది. "ఒక మాట చెప్తా వినండి. మీ ఆయన్ని నేను కాపాడలేదు. ఇక్కడికొచ్చేసరికే సగానికి పైగా చల్లబడ్డడు. అరగంట ఆలస్యమైతే నేను ఏం చేసినా దండగే."

సత్తెమ్మ అప్పటికే అదే ఆటోలో వెళ్లిపోయింది. ఇంటి దగ్గర బర్రెకి నీళ్లు పెట్టాలంది. నేను థాంక్సు కూడా సరిగ్గా చెప్పలేదు.

"ఆమెకివన్నీ ఎలా తెలుసండీ?" అన్నాను.

డాక్టరమ్మ చెప్పింది. రెండేళ్ల కింద ఇదే కార్తెలో సత్తెమ్మ మరిది రాములు అదే మడిలో పడిపోయాడట. చలిజ్వరం అనుకుని గొంగడి కప్పారు. నోట్లో నీళ్లు పోశారు. ఎడ్లబండి మీద ఇక్కడికి తెచ్చేసరికి అంతా అయిపోయింది. పాతికేళ్ల వాడు.

"ఆ రోజు నాకు కోపం ఆగలేదమ్మా. వరండాలో నిలబెట్టి ఆమె మీద అరిచిన. గొంగడి కప్పుతరా, తడపాలె గద, గాలి విసరాలె గద, సోయి లేనోని నోట్ల నీళ్లెట్ల పోస్తరు అని. మొత్తం అరిచి అరిచి చెప్పిన. పక్కన శవం ఉన్నది. అదా నేను మాట్లాడే టైము? ఆమె తల దించుకుని వింటుండె. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. మల్ల ఎన్నిసార్లో అనుకున్న, పోయి క్షమించమని అడగాలెనని. పోలే."

ఆమె లేచి నిలబడింది. "నేను అరిచిన ప్రతి ముక్కా గుర్తు పెట్టుకున్నది సూడండి. మీరు ఆమెని కలుస్తరా?"

కలుస్తానన్నాను.

"అయితే నా మాటగా చెప్పండి. ఈసారి ఒక్క తప్పు గూడ లేదని."

మంగళవారం

తెల్లారకముందే మమ్మల్ని పంపించేశారు, ఎండెక్కక ముందే ఇల్లు చేరాలని. రాత్రి దవాఖాన నుంచి ఫోన్ చేస్తే యాదయ్య కారు తెచ్చాడు. మోటారు సైకిలు సంగతి తర్వాత చూసుకుంటానన్నాడు, అవ్వ పంపిన అంబలి సీసా మా ఆయన చేతిలో పెట్టాడు. ఇంటికి వెళ్లే దారి కాకపోయినా కారుని ముందు షాబాద్ వైపు తిప్పమన్నాను.

వెలుతురు అప్పుడప్పుడే వస్తోంది. సత్తెమ్మ, మల్లయ్య అప్పటికే మడిలో ఉన్నారు. నిన్నటి కొత్తిమీర కట్టలన్నీ గట్టు మీద పసుపు రంగుకి తిరిగి పడున్నాయి, బర్రె వాటిని నెమ్మదిగా నములుతోంది. గోలెం మళ్లీ నిండుతోంది.

మా ఆయన చేతులు జోడించబోయారు. ఆమె ఆ చేతుల్ని కిందికి తోసేసి, తన చేతి వెనక భాగం ఆయన మెడ మీద పెట్టి చూసింది. తర్వాత నుదుటి మీద. "మంచిగున్నడు" అంది నాతో. ఆయన "అక్కా" అన్నారు, అంతే.

నేను నా రుణం మాట ఎత్తలేదు. ఎత్తినా చాలదు. నా జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషిని ఆమె తన మడి నీళ్లతో నిలబెట్టింది. ఆ మాట మాత్రం చెప్పాను. ఆ తర్వాత డాక్టరమ్మ అప్పగించిన మాట చెప్పాను.

"ఆ రోజు అరిచినందుకు బాధపడుతున్నారు. నిన్న మీరు చేసిన దాంట్లో ఒక్క తప్పు కూడా లేదని చెప్పమన్నారు."

సత్తెమ్మ నా మొహంలోకి చూసింది. "ఏమన్నది?"

"ఒక్క తప్పు కూడా లేదన్నారు."

"డాక్టరమ్మనే అన్నదా?"

"ఆమే అన్నారు."

ఆమె వెనక్కి తిరిగి మడి ఆ చివర ఉన్న భర్తని పిలిచింది. "ఇగో, ఇన్నవా? ఒక్క తప్పు గూడ లేదంట!" మల్లయ్య పార పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఇగ పోండ్రి బిడ్డా" అంది సత్తెమ్మ మాతో. "ఎండెక్కక ముందే ఇల్లు చేరుండ్రి."

కారెక్కాం. మలుపు తిరిగే ముందు వెనక్కి చూశాను. సత్తెమ్మ మడి మధ్యలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, రెండేళ్లనాటి ఏడుపు ఏడుస్తోంది. మల్లయ్య ఆమె పక్కనే ఉన్నాడు. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. అతను తన తల మీది తువ్వాల విప్పి, గోలెంలో తడిపి, ఆమె తల మీద కప్పుతున్నాడు.